కాలేజీ ఆటస్థలంలో అధ్యాపకుని పాత్ర

(ఎం.ఏ. చరిత్ర చదువుతున్న మన హాస్టల్ పూర్వ విద్యార్థి రాసిన వ్యాసం)

విద్యార్థి జీవితంలో ఆటల ప్రాముఖ్యం గురించి మన వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక వ్యాసమైనా వస్తూనే ఉంది. ఆటల వల్ల శరీర దారుఢ్యం, క్రమశిక్షణ, స్నేహభావం అలవడతాయని అందులో రాస్తాం. అవన్నీ నిజమే కాబట్టి నేను మళ్లీ రాయను. ఈ వ్యాసంలో నేను ఎత్తుకున్న ప్రశ్న వేరు. కాలేజీ పేరు మీద ఆట జరుగుతున్నప్పుడు దాని బాధ్యత ఎవరిది? ఆడే విద్యార్థిదా, కోచ్‌దా, ప్రిన్సిపాల్‌దా, టికెట్ కొని చూసేవాళ్లదా? ఆటగాడి చదువు దెబ్బతింటే ఎవరిని అడగాలి? అసలు జట్టులో చోటు దొరకని మిగతా వందల మంది సాయంత్రం ఏం చేయాలి?

ఈ ప్రశ్నల మీద ఎక్కువ కాలం, బహిరంగంగా కొట్లాడుకున్న దేశం అమెరికా. పీజీలో సెమినార్ పేపర్ కోసం అక్కడి విశ్వవిద్యాలయాల చరిత్ర చదువుతున్నప్పుడు నాకు ఈ సంగతులు తెలిశాయి. ఎక్కడో అమెరికా గొడవ మనకెందుకని తమ్ముళ్లు అనుకోవచ్చు. మన డిగ్రీ కాలేజీల్లో 'పీ.డీ. సార్' అనే ఉద్యోగం ఏ దారిన మన దాకా వచ్చిందో ముందుకు వెళ్లాక చెబుతాను. అప్పుడు సంబంధం తెలుస్తుంది.

పడవ పందెం, రైలు ఖర్చు

అమెరికాలో రెండు కాలేజీల మధ్య మొట్టమొదటి పోటీగా చెప్పేది 1852 ఆగస్టు 3న జరిగిన పడవ పందెం. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో విన్నిపెసాకీ అనే సరస్సు ఉంది. అక్కడ హార్వర్డ్, యేల్ విద్యార్థులు పోటీ పడ్డారు, హార్వర్డ్ గెలిచింది. విశేషమేమిటంటే ఆ పందెం పెట్టింది అధ్యాపకులు కాదు. ఒక రైలు మార్గం అధికారి విద్యార్థులను పిలిచి, వాళ్ల రానుపోను ఖర్చు, బస ఖర్చు పెట్టుకున్నాడు. పందెం చూడ్డానికి జనం తన రైలెక్కి వస్తారని ఆయన లెక్క. అంటే కాలేజీ ఆట పుట్టిన రోజునే వ్యాపారం పక్కన నిలబడి ఉందన్నమాట. గురువు మాత్రం అక్కడ లేడు.

తర్వాత ముప్పై ఏళ్ల దాకా ఆటల నిర్వహణంతా విద్యార్థుల చేతుల్లోనే నడిచింది. చందాలు వాళ్లే వేసుకునేవారు, కెప్టెన్‌ను వాళ్లే ఎన్నుకునేవారు, ఏ ఊరు వెళ్లి ఎవరితో ఆడాలో వాళ్లే నిర్ణయించేవారు. 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు జట్టుకు 25 మంది చొప్పున దిగి మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడాయి. రట్గర్స్ 6–4 తేడాతో గెలిచింది. అధ్యాపకులలో ఎక్కువ మందికి ఇదంతా పిల్లకాయల గోల.

కోర్నెల్ విశ్వవిద్యాలయానికి అప్పట్లో ఆండ్రూ వైట్ అధ్యక్షుడు. మన లెక్కలో వైస్ ఛాన్సలర్ వంటి పదవి అది. 1873లో అక్కడి విద్యార్థులు మిషిగన్ జట్టుతో ఆడటానికి క్లీవ్‌లాండ్ వెళ్తామని అనుమతి అడిగారు. గాలి నింపిన తిత్తిని కదిలించడానికి ముప్పై మందిని నాలుగు వందల మైళ్లు పంపనని ఆయన అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మాట చమత్కారంగానే ఉంది గానీ, నా దృష్టిలో అది పర్యవేక్షణ కాదు. 'వద్దు' అని చెప్పి గదిలోకి వెళ్లిపోవడం తేలిక. దగ్గరుండి చూడటం కష్టం.

దగ్గరుండి చూసిన మనిషి కూడా ఆ కాలంలోనే ఒకరున్నారు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్‌హర్స్ట్ కాలేజీలో విద్యార్థుల ఆరోగ్యం పాడవుతోందని అధ్యక్షుడు స్టెర్న్స్‌కు బెంగ పట్టుకుంది. వ్యాయామశాల కట్టించి, 1861లో ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే వైద్యుణ్ణి ఆరోగ్యశాస్త్రానికి, శారీరక విద్యకు ప్రొఫెసర్‌గా నియమించారు. హిచ్‌కాక్ కాలేజీలోని ప్రతి విద్యార్థి ఎత్తు, బరువు, ఛాతీ కొలత, చేతి బలం రాసి ఉంచేవాడు. చెక్కతో చేసిన తేలిక డంబెల్స్ ఇచ్చి, పియానో వాయిస్తుంటే తరగతి మొత్తం చేత వ్యాయామం చేయించేవాడు. లెక్కల తరగతి ఎలాగో ఇదీ అలాగే, అందరూ రావాలి. జట్టులోకి ఎంపిక చేయడం, మిగతా వాళ్లను ఇంటికి పంపడం ఉండేది కాదు. 1911లో చనిపోయేదాకా, అంటే యాభై ఏళ్లు, ఆయన అదే ఉద్యోగంలో ఉన్నాడు. ఆయన జట్టు ఏదైనా కప్పు గెలిచిందా అని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆయనకు జట్టే లేదు.

ఈ రెండు దారులూ గుర్తుంచుకోండి. ఒకటి పోటీ ఆటల దారి, రెండోది అందరి వ్యాయామం దారి. అధ్యాపకుల పర్యవేక్షణ ఈ రెంటికీ కావాలి. అమెరికాలో గొడవంతా మొదటి దారి మీదే నడిచింది.

కమిటీలు ఎందుకు పుట్టాయి?

1882 నాటికి హార్వర్డ్ బేస్‌బాల్ జట్టు ఒక సీజనులో 28 మ్యాచులు పెట్టుకుంది. అందులో 19 బయటి ఊళ్లలోనే. ఇంక తరగతి గదిలో ఉండేదెప్పుడు? అప్పుడు అధ్యాపకులు ముగ్గురితో ఒక కమిటీ వేశారు. 1885లో ఆ కమిటీ ఆటలో కొట్లాటలు మరీ ఎక్కువయ్యాయని ఫుట్‌బాల్‌ను ఒక సీజను పాటు నిషేధించింది కూడా. విద్యార్థులు, పాత విద్యార్థులు గోల చేశారు. 1888లో కమిటీని మార్చి, ముగ్గురు అధ్యాపకులు, ముగ్గురు పూర్వ విద్యార్థులు, ముగ్గురు చదువుతున్న విద్యార్థులు, మొత్తం తొమ్మిది మందిని వేశారు. విద్యార్థులకు కూడా కమిటీలో కుర్చీ వేయడం నాకు బాగా నచ్చిన సంగతి. నేటికీ మన దగ్గర స్పోర్ట్స్ కమిటీలో విద్యార్థి పేరు ఉంటే అది నోటీసు బోర్డు మీదే కనిపిస్తుంది, సమావేశంలో కాదు.

ఇంకో జబ్బు కూడా ముదిరింది. ఆట కోసమే కాలేజీలో పేరు రాయించుకుని, సీజను కాగానే కనిపించకుండా పోయే ఆటగాళ్లు తయారయ్యారు. ఈ ఏడాది ఒక కాలేజీ చొక్కా, వచ్చే ఏడాది ఇంకో కాలేజీ చొక్కా. దీనికి మందు వెతకడానికి 1895 జనవరిలో పర్డ్యూ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు జేమ్స్ స్మార్ట్ చొరవతో మధ్య పశ్చిమ ప్రాంతంలోని ఏడు విద్యాసంస్థల అధ్యక్షులు చికాగోలోని పామర్ హౌస్ హోటల్‌లో కూర్చున్నారు. మరుసటి ఏడు అధ్యాపక ప్రతినిధులతో సంఘం ఏర్పడింది. దాని అసలు పేరులోనే 'అధ్యాపక ప్రతినిధుల సమ్మేళనం' అన్న మాట ఉంది. నిజంగా చేరి, పూర్తి కాలం చదువుతూ, పాఠాల్లో వెనకబడని విద్యార్థే ఆడాలన్నది వాళ్ల మొదటి నిబంధనల్లో ఒకటి. ఇప్పుడు టీవీలో 'బిగ్ టెన్' అని వినిపించే సంఘం ఇదే.

1905లో పరిస్థితి చేయి దాటింది. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడే బంతాట కాదని చాలామందికి తెలుసు. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తడం, అవతలివాళ్లు మీదపడి పడగొట్టడం. అప్పట్లో సరైన శిరస్త్రాణాలు లేవు, జట్టంతా చేతులు పట్టుకుని గుంపుగా దూసుకెళ్లేది. ఆ ఒక్క సీజనులో 18 మంది చనిపోయారని ఒక చికాగో పత్రిక లెక్కగట్టింది. వాళ్లలో ఎక్కువ మంది హైస్కూలు వయసు పిల్లలు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ అక్టోబరులో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిచి మాట్లాడాడు. నవంబరు 25న యూనియన్ కాలేజీ ఆటగాడు హెరాల్డ్ మూర్ న్యూయార్క్ విశ్వవిద్యాలయంతో ఆడుతూ దెబ్బ తగిలి మరణించాడు. ఆ విశ్వవిద్యాలయ ఛాన్సలర్ హెన్రీ మెక్‌క్రాకెన్ ఊరుకోలేదు. ఇతర కాలేజీలకు కబురు పెట్టాడు. డిసెంబరు చివర్లో 62 విద్యాసంస్థల వాళ్లు న్యూయార్క్‌లో కలిశారు. అలా 1906లో ఏర్పడిన సంఘమే 1910లో 'ఎన్.సి.ఏ.ఏ.' అని పేరు మార్చుకుంది. 1906లోనే ఆట నియమాలు కూడా మారాయి. బంతిని ముందుకు విసరడాన్ని అనుమతించారు, రెండు జట్ల వరసల మధ్య ఖాళీ ఉంచారు. కొలంబియా విశ్వవిద్యాలయం ఆటనే మానేసింది. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా రగ్బీకి మారాయి.

ఇక్కడ నేను ఆగి ఆలోచించిన విషయం ఒకటుంది. ఆ సమావేశం పెట్టించిన ఛాన్సలర్ కాలేజీ ఆటగాడు చావలేదు, ఎదుటి జట్టువాడు చనిపోయాడు. అయినా బాధ్యత తనదనుకున్నాడు. మన గ్రౌండ్‌లో వేరే కాలేజీ పిల్లాడికి కాలు విరిగితే ఆటో పిలిచి పంపేసి, మ్యాచ్ కొనసాగించడమే నేను చూశాను.

కోచ్‌ను ప్రొఫెసర్‌ను చేస్తే?

కోచ్ బయటివాడు కాబట్టే గెలుపు తప్ప ఇంకేమీ పట్టించుకోడని, ఆయన్ను కూడా అధ్యాపకుణ్ణి చేస్తే జబ్బు తగ్గుతుందని కొందరు వాదించారు. 1892లో కొత్తగా తెరిచిన చికాగో విశ్వవిద్యాలయం అమోస్ అలోంజో స్టాగ్ అనే యువకుణ్ణి శారీరక శిక్షణ విభాగానికి అధిపతిగా, స్థిరమైన అధ్యాపక హోదాతో తీసుకుంది. ఆలోచన మంచిదే. కానీ ఆయన శాఖ డబ్బు ఆయన చేతిలో, జట్టు గెలిచినకొద్దీ ఆయనకు పలుకుబడి, ఆయన్ను ప్రశ్నించే అధ్యాపకుడు క్రమంగా కరువయ్యాడు. హోదా వచ్చింది గానీ పైన చూసే కన్ను పోయింది. 1932 దాకా ఆయనే కోచ్. చివరికి 1939లో అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ ఫుట్‌బాల్‌ను పూర్తిగా రద్దు చేశాడు. అదే సీజనులో చికాగో జట్టు మిషిగన్ చేతిలో 85–0తో ఓడింది. (స్టాగ్ పేరు పెట్టిన ఆ స్టేడియం గ్యాలరీ కిందే 1942 డిసెంబరు 2న ఫెర్మి బృందం మొదటి అణు శృంఖల చర్యను నడిపింది. ఫిజిక్స్ తమ్ముళ్ల కోసం ఈ మాట.) 1969లో ఆట మళ్లీ మొదలైంది, ఈసారి చిన్న స్థాయిలో.

మధ్యలో 1929 అక్టోబరులో కార్నెగీ ఫౌండేషన్ వాళ్లు 112 విద్యాసంస్థలను పరిశీలించి పెద్ద నివేదిక ఇచ్చారు. ఎక్కువ చోట్ల ఆటగాళ్లకు చాటుగా డబ్బు, ఉద్యోగాలు ముడుతున్నాయని తేలింది. సరిగ్గా న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కూలిన ఆ వారమే అది బయటికి రావడంతో, కొద్ది రోజులు గగ్గోలు పుట్టించి మరుగున పడింది.

పాఠం లేని తరగతి

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇటీవలి ఘటన. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం చాపెల్ హిల్‌లో ఉంది, అమెరికాలోని పేరున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఒకటి. అక్కడ 1993 నుంచి 2011 దాకా, పద్దెనిమిదేళ్లు, ఒక శాఖలో కాగితం మీద మాత్రమే ఉన్న తరగతులు నడిచాయి. పాఠం లేదు, హాజరు లేదు, అధ్యాపకుడు కనిపించడు. చివర్లో ఒక పేపర్ ఇస్తే చాలు. ఆ పేపర్లకు ఎక్కువగా గ్రేడు వేసింది ప్రొఫెసర్ కాదు, ఆఫీసు పనులు చూసే ఉద్యోగి. 2014 అక్టోబరులో వెలువడిన విచారణ నివేదిక ప్రకారం 3,100 మందికి పైగా విద్యార్థులు ఆ తరగతుల్లో ఉన్నారు. వాళ్లలో దాదాపు సగం మంది కాలేజీ జట్ల ఆటగాళ్లు. మొత్తం విద్యార్థుల్లో ఆటగాళ్ల సంఖ్య బహు కొద్ది అన్నది గుర్తుంటే ఈ సగం ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆటగాళ్ల చదువు చూడమని నియమించిన సలహాదారులే వాళ్లను అటు పంపేవారు. ఫలానా పిల్లాడికి ఇంత గ్రేడు వస్తే చాలునని చెప్పినవాళ్లు కూడా ఉన్నారు.

అక్కడ పర్యవేక్షణ లేదా అంటే, ఉంది. ఎన్.సి.ఏ.ఏ.లో ఉన్న ప్రతి సంస్థ ఒక అధ్యాపకుణ్ణి ఆటల ప్రతినిధిగా నియమించాలి. అధ్యాపకుల ఆటల కమిటీ కూడా ఉండేది. కమిటీ కూర్చుంది, లేచింది. తరగతి గది తలుపు తీసి లోపల పాఠం జరుగుతోందా అని ఎవరూ చూడలేదు. 2017 అక్టోబరులో ఎన్.సి.ఏ.ఏ. తీర్పు ఇంకా విచిత్రం. ఆ తరగతుల్లో మామూలు విద్యార్థులు కూడా ఉన్నారు కాబట్టి, ఇది ఆటగాళ్లకు మాత్రమే ఇచ్చిన ప్రత్యేక లాభం అని తేల్చలేమని, తమ నిబంధనల ఉల్లంఘన కింద శిక్షించలేదు.

అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్లలో నల్లజాతి యువకులే ఎక్కువ. వాళ్లలో ఇంటిలో మొట్టమొదటగా కాలేజీ గడప తొక్కినవాళ్లు ఎందరో. ఆ ఇళ్లలో తల్లిదండ్రులు డిగ్రీ కాగితాన్ని గోడకు తగిలించుకునే ఉంటారు. ఆ కాగితం వెనక కొన్ని పేజీలు ఖాళీ అని వాళ్లకు ఎవరు చెప్పాలి? మా ఇంట్లో కూడా నేనే మొదటి గ్రాడ్యుయేట్‌ను. మార్కుల లిస్టు మా అమ్మ చదవలేదు, చేత్తో తడిమి చూసి బీరువాలో పెట్టింది. చదవలేనివాళ్లను మోసం చేయడం తేలిక కనుకనే, చదువుకున్నవాళ్ల కాపలా అక్కడ ఎక్కువ కావాలని నా అభిప్రాయం.

2025 జులై నుంచి అమెరికా కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం మొదటి ఏడాది ఒక్కో సంస్థ సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఇవ్వవచ్చు. వాళ్ల చెమటతో ఇతరులు సంపాదించడం కంటే ఇది న్యాయమే. కానీ జీతగాడిని 'నీ హాజరు ఎంత?' అని అడిగే అధ్యాపకుడు ఇకమీద ఉంటాడా అన్నది నా సందేహం.

గోడల లోపలి ఆటలు

ఇప్పుడు రెండో దారికి వద్దాం, హిచ్‌కాక్ దారికి. కాలేజీ జట్టులో చోటు దొరకని వాళ్ల కోసం, ఆ కాలేజీ గోడల లోపలే విద్యార్థుల మధ్య పోటీలు పెట్టడాన్ని 'ఇంట్రామ్యూరల్' ఆటలు అంటారు. మాటకు అర్థమే 'గోడల లోపల' అని. 1913లో మిషిగన్, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాలు వీటికి ప్రత్యేక విభాగాలు పెట్టాయి. మిషిగన్‌లో ఎల్మర్ మిచెల్ అనే అధ్యాపకుడు వీటిని తీర్చిదిద్దాడు. 1928లో కేవలం ఈ ఆటల కోసమే అక్కడ పెద్ద భవనం కట్టారు.

ఈ కథలో మనం తప్పక తెలుసుకోవలసిన పేరు విలియం వాసన్. ఆయన న్యూ ఆర్లియన్స్‌లోని డిలార్డ్ విశ్వవిద్యాలయంలో పని చేసేవాడు. అది నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన విద్యాసంస్థ. తెల్లవాళ్లకు ఒక బడి, నల్లవాళ్లకు ఒక బడి అని చట్టమే వేరు చేసిన కాలం అది. ఒకే బస్సులో ముందు సీట్లు వాళ్లవి, వెనక సీట్లు వీళ్లవి. వాసన్ తమవంటి కాలేజీలు తిరిగి, అక్కడ సాధారణ విద్యార్థుల ఆటలు ఎలా సాగుతున్నాయో పరిశీలించాడు. 1950 ఫిబ్రవరిలో పదకొండు నల్లజాతి కాలేజీల నుంచి ఇరవై మంది ఆటల నిర్వాహకులు, స్త్రీలు పురుషులు కలిసి, డిలార్డ్‌లో సమావేశమయ్యారు. వాళ్లు పెట్టిన ఇంట్రామ్యూరల్ సంఘం తర్వాత దేశమంతటి కాలేజీలకు విస్తరించింది. ఈ రోజు అమెరికాలో ఏ విశ్వవిద్యాలయానికి వెళ్లినా కనిపించే విద్యార్థి వినోద క్రీడా విభాగాల వృత్తి సంఘం ఇదే. పెద్ద స్టేడియాలున్నవాళ్లు కాదు, వెనక సీటు వాళ్లు వేసిన పునాది. ఈ విషయం చదివిన రోజు నేను లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా నడుస్తూ మా వాళ్లందరికీ చెప్పాను. వాళ్లు విసుక్కున్నారు కూడా.

చెల్లెళ్ల కోసం ఒక సంగతి. అమెరికాలో మహిళల ఆటలను చాలా కాలం మహిళా వ్యాయామ అధ్యాపకులే నడిపారు. కొందరే కాదు, ప్రతి అమ్మాయీ ఆడాలన్నది వాళ్ల పట్టుదల. 1971లో వాళ్ల సొంత సంఘం ఏర్పడింది. 1972లో 'టైటిల్ నైన్' చట్టం వచ్చి చదువులో, ఆటల్లో ఆడపిల్లలపై వివక్ష కూడదంది. డబ్బు, అవకాశాలు పెరిగాయి. అయితే ఎన్.సి.ఏ.ఏ. తానే మహిళల పోటీలు మొదలుపెట్టాక, 1982లో ఆ సంఘం మూతపడింది. 1972లో మహిళల జట్ల కోచ్‌లలో 90 శాతానికి పైగా మహిళలే ఉండేవారు. ఇప్పుడు సగం కంటే తక్కువ. ఆడేవాళ్లు పెరిగారు, అడిగేవాళ్లు తగ్గారు.

స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి మద్రాసుకు

మొదట చెప్పిన సంబంధం ఇప్పుడు చెబుతాను. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ కళాశాల ఉండేది. చలికాలంలో బయట ఆడలేక చిరాకు పడుతున్న తరగతి కోసం ఏదైనా ఆట కనిపెట్టమని అక్కడి శాఖాధిపతి లూథర్ గులిక్ తన కింది అధ్యాపకుడు జేమ్స్ నైస్మిత్‌కు చెప్పాడు. 1891 డిసెంబరులో నైస్మిత్ రెండు పండ్ల బుట్టలు గోడకు కొట్టించి, పదమూడు నియమాలు రాసి గోడకు అంటించాడు. అదే బాస్కెట్‌బాల్. విద్యార్థుల విసుగు చూసి ఒక అధ్యాపకుడు తయారుచేసిన ఆట అది. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ క్రో బక్ మద్రాసు వచ్చి 1920లో వై.ఎం.సి.ఏ. శారీరక విద్యా కళాశాల స్థాపించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టును నడిపించినవారిలో ఆయన ఒకడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. వ్యాయామ ఉపాధ్యాయుడు కూడా శిక్షణ పొందిన గురువే, డ్రిల్లు చేయించే హవల్దారు కాదు అన్న భావన ఈ దారిన మన ప్రాంతానికి వచ్చింది. నేడు యూజీసీ నిబంధనల్లో కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ అర్హతలు, వేతన శ్రేణి అధ్యాపకులతో సమానంగా ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది.

కాగితం మీద మనం వెనకబడి లేము. పీ.డీ. సార్ అధ్యాపకుడే, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు నడిపేది కూడా విశ్వవిద్యాలయాల సంఘమే. తేడా ఎక్కడ వస్తుందంటే పీ.డీ. గదికీ, ల్యాబ్‌కీ మధ్య ఉన్న వరండాలో.

మా హాస్టల్‌లో ఒక అన్న ఉండేవారు. డిగ్రీ రెండో ఏడు సైన్స్, కబడ్డీలో యూనివర్సిటీ జట్టుకు ఎంపికయ్యారు. పది రోజులకు పైగా క్యాంపు, పోటీలు. పీ.డీ. సార్ ఆన్‌డ్యూటీ లెటర్ ఇచ్చారు. అది ఆఫీసుకు చేరి ఫైలులో పడుకుంది. ప్రాక్టికల్స్ చూసే మేడమ్‌కు ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చేసరికి రెండు ప్రయోగాలు, ఒక ఇంటర్నల్ పోయాయి, హాజరు 75 శాతానికి దిగువకు వచ్చింది. మనవాళ్లకు హాజరంటే హాల్ టికెట్ ఒక్కటే కాదు, స్కాలర్‌షిప్ కూడా. కాలేజీ గోడ మీద ఆయన ఫోటోతో ఫ్లెక్సీ ఉన్న నెలలోనే ఆయన స్కాలర్‌షిప్ ఆగింది. ఫ్లెక్సీ వేయించడానికి కమిటీ ఉంది, ఆ లెటర్ వెంట నడిచేందుకు మనిషి లేడు. ఆయన సప్లిమెంటరీ రాసి ఏడాది ఆలస్యంగా డిగ్రీ తెచ్చుకున్నారు. ఎవరి మీదా కోపం చూపించలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఉంది.

అలాంటి చోటే వేరే అధ్యాపకుడిని కూడా చూశాను. కామర్స్ సార్ ఒకరు తన తరగతిలోని ఆటగాళ్ల పేర్లు విడిగా ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవారు. ఎవరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వెళ్లారు, ఏ పాఠం పోయింది అన్నది ఆ నోట్‌బుక్‌లో ఉండేది. వచ్చాక శనివారం సాయంత్రం కూర్చోబెట్టి ఆ పాఠం చెప్పేవారు. చదువు మరీ వెనకబడితే 'ఈ టోర్నమెంటుకు వీడిని పంపను' అని పీ.డీ. సార్‌తో తగవు కూడా వేసుకునేవారు. మేం అప్పుడు ఆయన్ను ఆటలకు శత్రువనుకునేవాళ్లం. 1895లో పామర్ హౌస్‌లో కూర్చున్నవాళ్లు కోరింది ఆయన చేసిన పనే.

ఇక హాస్టల్ సంగతి. కాలేజీ గ్రౌండు సాయంత్రానికి ఖాళీ అవుతుంది, పీ.డీ. సార్ ఇంటికి వెళ్తారు. మన ఆట అప్పుడే మొదలవుతుంది. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్ల శిక్షణ భువనగిరి గుట్ట మీద మొదలైంది. ఎవరో పెద్దలు పూనుకుని, ఎంపిక చేసి, గుట్ట దాకా తీసుకెళ్లి, తాడు పట్టుకుని నిలబడితేనే అది జరిగింది. అది మనందరికీ గర్వకారణం. కాలేజీ హాస్టళ్లలో మనకు ఆ తాడు పట్టుకునే మనిషి ఉండడు. వార్డెన్ సార్‌కు బియ్యం, గ్యాసు, బిల్లులతోనే సరిపోతుంది. క్యారంస్ బోర్డు ఉంటుంది, అది ఆఫీసు గదిలో ఉంటుంది, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. బాగా ఆడే పదిమంది వాలీబాల్ కోర్టు పట్టుకుంటే మిగతా తొంభై మంది గట్టు మీద కూర్చుని చూస్తారు. ఆడపిల్లల హాస్టల్లోనైతే చీకటి పడకముందే గేటు వేస్తారు కాబట్టి ఆ గట్టు కూడా లేదు.

కాబట్టి పూర్వ విద్యార్థుల సంఘం ముందు ఈ ఏడాది నా ప్రతిపాదన చిన్నది. ట్రోఫీలకు ఇచ్చే విరాళంలో కొంత తగ్గించి, హాస్టల్‌లో గదుల వారీగా జట్లు వేసి నెలకొకసారి పోటీలు పెడదాం. ఆడటం రానివాడు కూడా ఏదో ఒక జట్టులో ఉండాలి. మన సీనియర్లలో లెక్చరర్లు, పీ.ఈ.టీ.లు అయినవారు పదిమంది దాకా ఉన్నారు. వాళ్లలో ఒక్కొక్కరు ఒక్కో నెల సాయంత్రాలు వచ్చి నిలబడాలి. దాంతో పాటు కామర్స్ సార్ నోట్‌బుక్ వంటిది ఒకటి మన హాస్టల్‌కూ ఉండాలి. కాలేజీ జట్టుకు ఆడే మన తమ్ముడు, చెల్లెలు ఎన్ని రోజులు వెళ్లారు, ఆన్‌డ్యూటీ లెటర్ ఎవరి బల్ల మీద ఉంది, ప్రాక్టికల్ మేడమ్‌కు తెలిసిందా, ఈ మూడూ అందులో రాయాలి. ఆ లెటర్ పట్టుకుని వరండా దాటి వెళ్లే పని మొదటి నెల నేను చేస్తాను. ఈ సెమిస్టరులో యూనివర్సిటీ క్యాంపుకు వెళ్తున్న ఇద్దరి పేర్లు ఇప్పటికే రాసుకున్నాను. ఇంకెవరైనా ఉంటే వార్షికోత్సవం రోజు భోజనాల దగ్గర నన్ను కలవండి.